పదిహేడో నంబరు బిరడా

సెప్టెంబరులో ఆ బుధవారం పొద్దున క్లెమెంట్ వాన్ ఎట్టెన్ చేతిలో ఉన్న పెట్టుబడి ఏమంత చెప్పుకోదగ్గది కాదు. కోటు ఒక జేబులో భూతద్దం, ఇంకో జేబులో ఊదారంగు వెలుతురు చిమ్మే చేతిలైటు, పాత గాజు కొని అమ్మడంలో ముప్ఫై ఏళ్ళుగా తిన్న ఎదురుదెబ్బలు, సాయంత్రం నాలుగింటిదాకా గడువు. అవతలి పక్షాన బీమా కంపెనీ ఉంది, ఒకదానితో ఒకటి కలవని అంకెలు రెండున్నాయి, తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో ఊరంతటికీ తెలుసు. ఇలాంటి బేరమైతే మామూలుగా అతను గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాడు. కాని ఫోన్ చేసింది నోర్మా హ్రాడెక్.

నోర్మా ఈస్ట్ మార్డెన్ చరిత్ర సంఘం వారి గాజు మ్యూజియంకి సంరక్షకురాలు. ఆ ఊరున్న లోయలో ఒకప్పుడు వీధికో చెక్కుడు గాజు కార్ఖానా ఉండేది. ఏ నమూనాను ఏ కార్ఖానాలో చెక్కారు, దాన్ని ఏ ఊళ్ళో ఏ దుకాణం తన పేరు వేసుకుని అమ్మింది అన్నది వెతికి పట్టుకోవడమే ఆమె ఇన్నేళ్ళూ చేసిన పని. పెళ్ళి చేసుకోలేదేమని అడిగితే తీరిక దొరకలేదని నవ్వేది. ఆ వెతుకులాటంతా వచ్చే వసంతంలో పుస్తకంగా రాబోతోంది. ఇప్పుడు ఆమెను దొంగ అంటున్నారు. దొంగ రాసిన పుస్తకాన్ని ఎవరూ అచ్చు వేయరు. దొంగ చెప్పిన ఆనవాలును ఏ వర్తకుడూ నమ్మడు.

జరిగింది ఇదీ. ఏటా బీమా కొత్తగా రాయించే పని మీద సోమవారం రాచెస్టర్ నుంచి బీమా కంపెనీ మనిషి లైల్ బ్రాండో వచ్చాడు. అద్దాల బీరువా తెరిపించి, హైట్ కుటుంబం వాళ్ళు మ్యూజియంకి ఇచ్చిన చెక్కుడు గాజు సీసాను చూశాడు. విస్కీయో షెర్రీయో పోసుకుని బల్లమీద పెట్టుకునే పొడుగు మెడ సీసా అది. బిరడా కొంచెం ఎత్తుగా కూర్చున్నట్టు కనబడి పైకి లాగాడు. పాత కార్ఖానాల్లో ప్రతి గాజు బిరడానూ దాని సీసా మెడకే అమరేలా అరగదీసి, తర్వాత తారుమారు కాకుండా రెండింటిమీదా ఒకే అంకె గీసేవారు. ఈ సీసా మెడలో 17 ఉంది. బిరడా అడుగున 27 ఉంది.

అసలు సీసాను ఎవరికో అమ్మేసి దాని చోట వేరేది పెట్టారని బ్రాండో అక్కడికక్కడే తేల్చేశాడు. తాళంచెవి ఉన్నది నోర్మా దగ్గరే. బుధవారం నాలుగింటికి సంఘం కార్యవర్గం కూడుతుంది. అధ్యక్షుడు జడ్జి రాన్సమ్ ఫిర్యాదు మీద సంతకం పెడతాడు. డిప్యూటీ షెరీఫ్ కీఫ్ ఆమెను కారెక్కించుకుపోతాడు.

క్లెమ్ వెళ్ళేసరికి బ్రాండో బీరువా ముందు కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఇద్దరిదీ పాత పరిచయం. బ్రాండో కూడా ఒకప్పుడు గాజు వర్తకుడే. వేలంపాటల్లో ఒకరిమీద ఒకరు పంతానికి పాడి ఇద్దరూ చేతులు కాల్చుకున్న రోజులున్నాయి. తర్వాత అతను బీమా కంపెనీకి విలువలు కట్టే పనిలో చేరాడు, పక్కనే పగిలిన గాజు బాగుచేసే దుకాణమూ తెరిచాడు.

"పాత సామాన్లేమైనా దొరుకుతాయని వచ్చావా క్లెమ్? ఇవాళ ఇక్కడ అమ్మకాల్లేవు."

"అమ్మకాల సంగతి నీకే బాగా తెలుస్తుందిలే. ఒకసారి చూసి పోతాను."

"చూడు. ముట్టుకోకు. అది సాక్ష్యం."

"ముట్టుకోకుండా గాజు చూడ్డం నాకు చేతనైతే నేనూ బీమా కంపెనీలోనే చేరేవాణ్ణి," అని క్లెమ్ నోర్మా వైపు చెయ్యి చాచాడు.

ఆమె బీరువా తెరిచి సీసాను అతని చేతికిచ్చింది. రెండు రాత్రులు కన్ను మూయలేదని ముఖం చూస్తేనే తెలుస్తోంది. కిటికీ తెరలు వేయించి క్లెమ్ చేతిలైటు వెలిగించాడు. సీసం ఎక్కువగా కలిపిన ఆనాటి గాజు ఆ వెలుతురులో పసుపు కలిసిన ఆకుపచ్చగా మెరుస్తుంది. ఈ మధ్య తయారైనదైతే లేత ఊదారంగు చూపిస్తుంది. సీసా ఆకుపచ్చగా మెరిసింది. బిరడా కూడా అలాగే మెరిసింది. సీసాను తలకిందులు చేసి అడుగుమీద భూతద్దం పెట్టాడు. ఏళ్ళ తరబడి బల్లలమీద జరిగి జరిగి పడ్డ గీతలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా అన్ని వైపులకీ పోతున్నాయి. గరుకు కాగితంతో రుద్ది పాతదనం తెచ్చే కేటుగాళ్ళ గీతలు ఒకే దిక్కుకి పోతాయి. ఇది ఎవరో తెచ్చిపెట్టిన నకిలీ సీసా కాదు.

తర్వాత అడుగుమీద నోటితో ఆవిరి ఊదాడు. గాజు మసకబారింది. ఆ మసకలో కోడిగుడ్డు ఆకారంలో ఒక గీత, అందులో 'వెబర్లీ' అన్న పేరు తేలి, మళ్ళీ మాయమైంది. యాసిడ్‌తో అద్దిన ముద్ర. వెబర్లీ వాళ్ళు ఫిలడెల్ఫియా నగల వర్తకులు. సొంతంగా గాజు చెక్కించిన వాళ్ళు కారు, ఎవరి దగ్గరో కొని తమ ముద్ర వేసి అమ్మినవాళ్ళు.

బ్రాండో కుర్చీలోంచి లేచాడు. ఇంకేం కావాలన్నాడు. రెండేళ్ళ కిందట ఈ సీసాకు విలువ కట్టినవాడు తనే. ముద్ర లేదని అప్పుడే రాశాడు. ముద్ర లేని సీసా పోయి ముద్ర ఉన్న సీసా వచ్చిందంటే మార్చినట్టే కదా.

"ఆ రోజు ఊది చూశావా?" అని అడిగాడు క్లెమ్.

"నా పని నాకు నేర్పకు."

క్లెమ్ నోర్మా వైపు తిరిగి, ఆ రోజు ఇతను సీసాను బీరువాలోంచి తీశాడా అని అడిగాడు. తీయలేదని ఆమె చెప్పింది. తాళం తీయమంటారా అని తను అడిగితే, అద్దంలోంచే కనిపిస్తోందిలే అని నిలబడే రాసుకుని, కాఫీ తాగి వెళ్ళాడట. ఏం రాశాడో ఎవరూ తనకు చూపించలేదట.

బ్రాండో చెవులు ఎర్రబడ్డాయి. "దొంగ చెప్పే మాట కూడా సాక్ష్యమేనా?"

"ఇంకా కాలేదు లైల్. నాలుగింటిదాకా ఆవిడ మిస్ హ్రాడెకే. టోపీ తీసి మాట్లాడు."

క్లెమ్ చేతిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంది. సీసాను కింది అరలో పెట్టి, అలవాటు కొద్దీ లైటును పై అర వైపు ఎత్తబోయాడు. అక్కడ మ్యూజియంలోకెల్లా పెద్దదైన గాజు తొట్టి ఉంది, విందుల్లో పళ్ళరసం కలిపి పంచేది. బ్రాండో అడ్డంగా వచ్చి బీరువా తలుపు మూసేశాడు.

"గొడవ సీసా గురించి. మిగతావాటితో నీకేం పని?"

పనేమీ లేదని క్లెమ్ లైటు ఆర్పి జేబులో వేసుకున్నాడు. కాని ఆ తలుపు మూసిన తొందరను గుర్తు పెట్టుకున్నాడు.

వెనక గదిలో నోర్మా కాఫీ పోసి ఇచ్చింది. తను మాత్రం తాగలేదు. క్లెమ్ తన లెక్క ఆమెకు చెప్పాడు. సీసా దొంగిలించేవాడెవడైనా బిరడాతో సహా తీసుకుపోతాడు. సొంత బిరడా లేని సీసాను ఏ కొనుగోలుదారూ ముట్టుకోడు. అది ఒకటి. ఇరవై ఏడో నంబరు బిరడా ఈ మెడకు కొంచెం లావు, అందుకే ఎత్తుగా నిలబడింది. అది రెండు. ఇక్కడ మిగులు తేలిందంటే ఇంకోచోట తరుగు ఉండి తీరాలి. పదిహేడో నంబరు బిరడా ఏదో ఒక ఇరవై ఏడో నంబరు సీసాలో ఉండాల్సిన దానికన్నా లోతుగా దిగి ఉంటుంది.

"ఇది దొంగతనం కాదు నోర్మా, తారుమారు. ఈ బిరడా ఆఖరుసారి ఎప్పుడు బయటికొచ్చింది?"

ఏడాదికి ఒక్కసారే వస్తుందని ఆమె చెప్పింది. మే నెలలో వేసవి సందర్శకులు రాకముందు బీరువాలోని గాజంతా కడుగుతారు. ఈ ఏడు కడిగిన వారం తను ఊళ్ళో లేదు. ఫిలడెల్ఫియా వెళ్ళింది, ఈ వెబర్లీ వాళ్ళకు గాజు చెక్కి పంపిందెవరో తెలుసుకోవడానికి. అది మన ఊరి ఫెనర్ కార్ఖానాయేనని ఆమె ఎప్పటినుంచో అంటోంది. నమూనా ఒకటేనని చూపిస్తే, నమూనాలు ఎవరైనా కాపీ కొడతారని పెద్దలు కొట్టిపారేశారు. ఫిలడెల్ఫియాలోనూ ఆధారం దొరకలేదు.

"మరి ఆ వారం తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"ఎవరి దగ్గరేముంటుంది, మహిళా కమిటీ దగ్గర."

"కమిటీ అంటే మనిషి ఎవరు?"

"మిసెస్ రాన్సమ్."

క్లెమ్ కప్పు కింద పెట్టాడు. "తాళంచెవి నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా లేదని పోలీసులకు రాసిచ్చావే."

నోర్మా అతని వంక నిజంగానే ఆశ్చర్యపోతూ చూసింది. "ఆవిణ్ణి కూడా లెక్కలోకి తీసుకోవాలా క్లెమ్? ఆవిడ మిసెస్ రాన్సమ్ కదా."

ఆ ఊళ్ళో ఎవర్ని అడిగినా అదే జవాబు వచ్చేది. జడ్జిగారి భార్య, మెథడిస్టు చర్చిలో ముందు వరుస. ఆమె చేతిలో తాళంచెవి ఉంటే అది గోడకున్న మేకుకి తగిలించినట్టే, చేతులు మారినట్టు కాదు. వర్తకంలో మనిషిని ముంచేది ఇలా లెక్కలోకి రాని పద్దేనని క్లెమ్‌కి అనుభవం.

కడిగే గది చూపించమన్నాడు. చిన్న గది. గాజు తగిలి పగలకుండా ప్లాస్టిక్ తొట్టి, దాని అడుగున పరిచే మందపు తువ్వాలు. గోడమీద నోర్మా చేతిరాతతో ఒక నియమం అంటించి ఉంది: ఒక సీసా కడిగి, తుడిచి, పక్కన పెట్టాకే రెండోది తొట్టిలోకి తేవాలి. బిరడాలు కలిసిపోతాయన్న భయంతోనే అది రాశానని ఆమె చెప్పింది.

"కడిగాక బిరడా వెంటనే పెట్టేస్తారా?"

"అయ్యో, పెట్టకూడదు. లోపల తడి ఉండగా మూస్తే సీసాకి మసక పట్టేస్తుంది. ఇంక ఏం చేసినా పోదు. లోపలంతా ఆరడానికి రోజులు పడుతుంది. అందాకా సీసా కిటికీ గట్టుమీద ఉంటుంది, బిరడా పక్కన తువ్వాలు మీద."

మాట పూర్తయ్యేలోపలే ఆమె గొంతు నెమ్మదించింది. నియమం కడగడానికి రాసింది. ఆరబెట్టడానికి రాయలేదు.

క్లెమ్ కిటికీ గట్టుకి చెంప ఆనించి వాలుగా చూశాడు. ఈ ఏప్రిల్లోనే గట్టుకి కొత్తగా వార్నిష్ వేయించామని నోర్మా అంది. ఆ వార్నిష్ మీద తడి గాజు వదిలిన తెల్లటి వలయాలు పక్కపక్కనే రెండున్నాయి. నోర్మా సీసా తెచ్చింది. వెనకాలే బ్రాండో కూడా వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు. సీసా అడుగు మొదటి వలయంమీద కుదిరింది. రెండో వలయంమీదా అంతే కుదిరింది.

మ్యూజియంలో ఇలాంటి సీసాలు ఎన్ని ఉన్నాయని క్లెమ్ అడిగాడు. ఇదొక్కటేనని నోర్మా చెప్పింది.

"ఒకే సీసాని రెండు చోట్ల పెట్టి ఉంటారు," అన్నాడు బ్రాండో. "గట్టుమీది మరకలు చూపించి జడ్జిని ఒప్పిస్తావా?"

"మరకలు చూపించను లైల్. సీసానే చూపిస్తాను."

రాన్సమ్‌ల ఇల్లు వీధికి అవతలి వైపే. మిసెస్ రాన్సమ్ అతన్ని ముందు గదిలో కూర్చోబెట్టి కాఫీ, దాల్చినచెక్క కేకు పెట్టింది. నోర్మా విషయం తనను చాలా బాధపెట్టిందని, మంచి అమ్మాయని, ఇలా చేస్తుందనుకోలేదని అంది. కేకు బాగుందని క్లెమ్ ఇంకో ముక్క తీసుకున్నాడు. కడిగేటప్పుడు నియమం పాటించారా అని అడిగాడు.

"నేను నియమాలు తప్పే మనిషినా మిస్టర్ వాన్ ఎట్టెన్? ఒక సీసా కడిగి, తుడిచి, గట్టుమీద పెట్టాకే ఇంకో సీసా ముట్టుకున్నాను."

"అదే నేననుకున్నాను. మ్యూజియంలో ఉన్న సీసా ఒక్కటే కదండీ. ఆ ఇంకోటి ఎవరిది?"

ఆమె కేకు కోసే కత్తిని పళ్ళెంమీద జాగ్రత్తగా పెట్టింది. లేచి వెళ్ళి హాలు తలుపు మూసింది. మళ్ళీ వచ్చి కూర్చున్నాక అంతా చెప్పింది. ఆమె తాతగారు డాక్టరు, ఫెనర్ కార్ఖానా పనివాళ్ళకు వైద్యం చేసేవాడు. కార్ఖానా వాళ్ళు ఆయనకు బహుమతిగా ఇచ్చిన సీసా ఒకటుంది. అది జడ్జిగారి చదువుల గదిలో చట్టాల పుస్తకాల వెనక ఉంటుంది. లోపల జాడ్యం పట్టినట్టు గోధుమరంగు మరక కట్టింది. ఇంట్లో కడుగుదామంటే జడ్జిగారి అక్క ఉంటుంది, ఆమె మద్యనిషేధ సంఘానికి కార్యదర్శి. మే నెలలో మ్యూజియం తాళంచెవి చేతికొచ్చినప్పుడు సంచీలో పెట్టుకుని తీసుకెళ్ళింది.

"మరక దేనివల్ల వచ్చిందో నేను అడగట్లేదు," అన్నాడు క్లెమ్.

"అడగకండి. నవంబరులో ఆయన జడ్జి పదవికి ఎన్నికలు."

"ఇంటికి తెచ్చాక బిరడా సరిగ్గా పట్టిందా?"

ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. "దిగింది. దిగి, ఇంక రాలేదు. మే నుంచీ రావట్లేదు. ఎలాంటి మొండి సాక్షుల చేతనైనా మాట్లాడిస్తారు జడ్జిగారు. దీని నోరు తెరిపించడం మాత్రం ఆయన వల్ల కాలేదు. ఎవర్నీ సాయం అడగలేం కదా. ఈ వేసవి ఎలా గడిచిందో మా ఇద్దరికే తెలుసు."

నవ్వకుండా ఉండటం క్లెమ్‌కి కష్టమే అయింది. సోమవారం రాత్రి జడ్జిగారు భోజనం దగ్గర ఈ సంగతి చెప్పినప్పటి నుంచీ తనకు అనుమానంగానే ఉందని, నోరు విప్పే ధైర్యం చాలలేదని ఆమె తనంతట తనే ఒప్పుకుంది.

"మిసెస్ రాన్సమ్, ఒక బేరం చెబుతాను. మీ అల్మారా సంగతి నాకక్కర్లేదు. ఖాళీ సీసా, దాని బిరడా, మీరు. ముగ్గురూ నాలుగింటికి అక్కడుంటే చాలు. శుభ్రంగా కడిగిన గాజుకి వాసన ఉండదు. రాకపోతే ఆ అమ్మాయి జైలుకి పోతుంది, మీరు జీవితాంతం ఆ కేకు కోస్తూ ఆమెను తలుచుకుంటారు."

ఆమె లేచి చదువుల గది తాళం తీసింది.

సీసా మెడలో బిరడా నిజంగానే లోతుగా దిగి ఉంది. క్లెమ్ గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డను మెడకు మాత్రం చుట్టి, మెడ వేడెక్కేదాకా ఆగాడు. వంటగదిలోంచి చెక్క గరిటె తెప్పించి బిరడాను ఒక పక్క మెల్లగా తట్టాడు, తర్వాత అవతలి పక్క, మళ్ళీ ఈ పక్క. ఒత్తిడి చెయ్యలేదు. బలం చూపిస్తే గాజు బేరం చెడుతుంది. చివరికి లోపల ఎక్కడో చిన్న చప్పుడైంది. బిరడా అతని వేళ్ళమధ్యకి వచ్చేసింది. ఉన్న విస్కీనంతా మిసెస్ రాన్సమ్ పాల జగ్గులోకి ఒంపుకుని, జగ్గుకి పళ్ళెం మూత పెట్టింది.

బిరడా అడుగున 17. సీసా మెడలో 27.

క్లెమ్ కుర్చీలో కూలబడ్డాడు. పొద్దుటినుంచీ భుజాలు బిగబట్టుకుని ఉన్నానన్న సంగతి అప్పుడే తెలిసింది.

నాలుగింటికి బీరువా ఉన్న గదిలోనే కార్యవర్గం కూడింది. బల్ల చివర జడ్జి రాన్సమ్, పక్కన సభ్యులు, తలుపు దగ్గర డిప్యూటీ కీఫ్, ఎదురుగా నోర్మా. బ్రాండో తన మాటలు చెప్పి కూర్చున్నాడు. జడ్జిగారు కలం తీశారు. అప్పుడు తలుపు తెరుచుకుని మిసెస్ రాన్సమ్ రెండు చేతులతో సీసా పట్టుకుని లోపలికి వచ్చింది. జడ్జిగారి కలం గాలిలోనే ఆగిపోయింది.

క్లెమ్ రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి, బిరడాలు రెండూ నోర్మా చేతికిచ్చాడు. ఆమె పదిహేడును పదిహేడులో పెట్టింది. అది మెడతో సమానంగా, కదలకుండా కూర్చుంది. ఇరవై ఏడును ఇరవై ఏడులో పెట్టింది. అదీ అంతే. మే నెలలో ఆరబెట్టినప్పుడు తారుమారయ్యాయని, తప్పు తనదని, మ్యూజియం తాళంచెవి ఆ వారం తన దగ్గరే ఉందని మిసెస్ రాన్సమ్ తల ఎత్తి చెప్పింది. గదిలో ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. అది డిప్యూటీ కీఫ్. చిన్నప్పుడు నోర్మా దగ్గరే చర్చి పాఠాలు చదువుకున్నాడు.

"ఈ రెండో సీసా ఎవరిది?" అని ఒక సభ్యుడు అడిగాడు.

"నాదే. మా తాతగారిది. పువ్వులు పెట్టుకుంటాం."

"అవును, పువ్వులు," అన్నారు జడ్జిగారు. తర్వాత భార్య వైపు వంగి, ఎవరికీ వినబడదనుకుని అడిగారు. "వచ్చిందా?"

"వచ్చింది. జగ్గులో ఉంది."

బ్రాండో లేచాడు. బిరడాలు కుదిరినంత మాత్రాన సరిపోదన్నాడు. ఒకదానిమీద వెబర్లీ ముద్ర ఉంది, రెండోదాని మీద ఏముందో ఎవరు చూశారు, రెండు ఊళ్ళ సీసాలకి బిరడాలు మార్చుకుంటే ఎలా దిగాయి అని అడిగాడు. మంచి ప్రశ్నే. క్లెమ్ ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నాడు. నోర్మాను ఊదమన్నాడు.

ఆమె మిసెస్ రాన్సమ్ సీసా అడుగుమీద ఊదింది. మసకలో చిన్న గుర్రపు నాడా తేలింది. ఫెనర్ కార్ఖానా ముద్ర అది. నోర్మా దాన్ని చూసి, ఇంకోసారి ఊది, ఇంకోసారి చూసింది. తర్వాత క్లెమ్ దగ్గర భూతద్దం లాక్కున్నట్టే తీసుకుని నాలుగు అంకెలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. సీసా మెడల్లోనూ బిరడాలమీదా గీసిన ప్రతి ఏడుకీ నడుము దగ్గర ఒక అడ్డగీత ఉంది.

"యూరప్‌లో బొహీమియా నుంచి వచ్చిన గాజు పనివాళ్ళు ఏడు ఇలా రాస్తారు," అంది నెమ్మదిగా. "మా తాతగారూ ఇలాగే రాసేవారు. నాలుగూ ఒకే చెయ్యి. రెండూ ఒకే పనివాడు అరగదీసినవి. అందుకే ఒకదాని బిరడా ఇంకోదాంట్లో దాదాపుగా పట్టింది. ఫెనర్ వాళ్ళే చెక్కారు క్లెమ్. ఊళ్ళో ఇచ్చినదానిమీద తమ ముద్ర వేసుకున్నారు. వెబర్లీకి పంపినదానికి ముద్ర వేయలేదు, వెబర్లీ వాళ్ళు తమది వేసుకున్నారు. నేను ఇదే కదా వెతుకుతున్నది."

ఫిలడెల్ఫియాలో లేని ఆధారం వీధి అవతల విస్కీ పోసుకుని కూర్చుందని ఆమెకు చెప్పడానికి వీల్లేదు. క్లెమ్ చెప్పలేదు.

జడ్జిగారు ఫిర్యాదు కాగితాన్ని చింపేశారు. బ్రాండో తోలుసంచీ సర్దుకుంటూ, జరిగింది మంచికేనని, మిగతా బీమా పత్రాలు పోస్టులో పంపిస్తానని అన్నాడు. తలుపు వైపు నడుస్తున్నవాణ్ణి క్లెమ్ వెనక్కి పిలిచాడు.

"ఒక్క నిమిషం లైల్. పొద్దున బీరువా తలుపు మూశావే, నాకు అది అర్థం కాలేదు. ఒక చిన్న బిరడాకి ఇంత హడావుడి దేనికన్నదీ అర్థం కాలేదు. నోర్మా దొంగని తేలిపోతే ఆ బీరువాలో తర్వాత ఇంకేం లోటు బయటపడినా ఆవిడ ఖాతాలోనే పడుతుంది కదా. నోర్మా, ఆ పెద్ద తొట్టి ఎప్పుడైనా ఈ గది దాటి వెళ్ళిందా?"

"కిందటి చలికాలంలో. అంచు కొంచెం పెచ్చు ఊడితే బాగు చేయడానికి పంపాం."

"ఎవరి దుకాణానికి?"

ఆమె తల తిప్పి బ్రాండో వంక చూసింది. గదిలో అందరూ అటే చూశారు.

క్లెమ్ తెరలు వేయించి లైటు వెలిగించాడు. రెండు సీసాలూ బల్లమీద అక్కచెల్లెళ్ళలా ఆకుపచ్చగా మెరిశాయి. తర్వాత లైటును బీరువా పై అర వైపు తిప్పాడు. చుట్టూ ఉన్న పళ్ళేలు, జగ్గులు ఆకుపచ్చగా వెలిగాయి. మధ్యలో పెద్ద తొట్టి మాత్రం అంచు నుంచి అడుగుదాకా లేత ఊదారంగులో వెలిగింది.

డిప్యూటీ కీఫ్ తలుపుకి అడ్డంగా జరిగాడు. "మిస్టర్ బ్రాండో, నేను ఎటూ ఒకరిని తీసుకెళ్ళడానికే వచ్చాను. కూర్చోండి."

బయటికి వచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. నోర్మా మెట్లమీద కూర్చుని, పొద్దున తాగని కాఫీ ఇప్పుడు తాగుతూ, కళ్ళు తుడుచుకుంటూ, మధ్యమధ్యలో నవ్వుతోంది. తొట్టి సంగతి ఇంకా తేలాలి. అసలుది ఎక్కడికి పోయిందో బ్రాండో చేత చెప్పించాలి. అది రేపటి ఖాతా. ఇవాళ్టి వరకు క్లెమ్ తన లెక్క చూసుకున్నాడు. పదిహేడు పదిహేడులో ఉంది, ఇరవై ఏడు ఇరవై ఏడులో ఉంది. నోర్మా పేరు నోర్మా దగ్గరే ఉంది. చెక్కిన వాళ్ళూ అమ్మిన వాళ్ళూ ఎనభై ఏళ్ళ తర్వాత ఒకే బల్లమీద కలిశారు, వాళ్ళకు పుస్తకంలో చోటు దొరికింది. వీధి అవతల జడ్జిగారు అంతకుముందెన్నడూ లేనంత వేగంగా ఇంటికి నడుస్తున్నారు. క్లెమ్ భాగానికి ఒక కాగితం పొట్లంలో దాల్చినచెక్క కేకు వచ్చింది.

కారెక్కేముందు అలవాటు ప్రకారం జేబులు తడుముకున్నాడు. భూతద్దం ఉంది. చేతిలైటు లేదు. సాక్ష్యం కింద కీఫ్ తీసుకుపోయాడు. ఆ రోజు మొత్తానికి తరుగు అదొక్కటే.